వేసి చూడని గవ్వ

"ఆయ్, మాష్టారండీ, మా వాడిచేత గవ్వలాడిస్తున్నారంట గదండీ?" అని మొన్న మాఘమాసమున ఒక గృహస్థుడు పాఠశాల గుమ్మమునొద్ద మమ్ము నిలువదీసెను. ఆయన కొత్తపేట ప్రాంతమున కొబ్బరితోటలు గలవాడు, చదువుకొన్నవాడు, పత్రికలు తెప్పించి చదువువాడు. ఆయన కోపము నిజమైన కోపము. తొమ్మిదవ తరగతి చదువు కుమారుడు ముందునాటి రాత్రి వీధియరుగుమీద గూర్చుండి, భోజనమునకు పిలిచినను లేవక, నాలుగు గవ్వలను మాటిమాటికి విసరుచు పుస్తకమున గీతలు గీయుచుండెనట. ఇదేమిరా యని యడుగగా "బీజగణితము నాన్నగారూ" అనెనట. "బీజగణితానికి గవ్వలెందుకండీ? సంక్రాంతికి బరుల దగ్గర గుండాట చూస్తున్నాడు గదా, అది చాలదాండీ?" అని ఆయన ప్రశ్న.

మేమప్పుడు చెప్పిన సమాధానము ఆయనకు చాలలేదు. ఆయన యాక్షేపణ ఆయన యొక్కనిదే యైనచో మేము కలము పట్టియుండము. అది మా సహోపాధ్యాయులలో పెక్కురి యాక్షేపణ. పాఠ్యపుస్తకములు కూర్చు పెద్దలు నోటితో ననకపోయినను చేతితో జేసి చూపిన యాక్షేపణ. కావున విపులముగా వ్రాయుచున్నాము.

మన పాఠశాలలలో సంభావ్యత యను పాఠము ఎట్లు నడచుచున్నదో మొదట చూతము. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద నొక సూత్రము వ్రాయును: అనుకూల పర్యవసానముల సంఖ్యను మొత్తము పర్యవసానముల సంఖ్యచే భాగింపుము. నాణెమునకు సగము, పాచికకు ఆఱవ వంతు, పేకముక్కలకు 52లో ఇన్ని. పిల్లలు వల్లెవేయుదురు, పరీక్షలో మార్కులు వచ్చును, అందఱును సుఖముగా నుందురు. ఈ విధముగా నూటికి నూఱు తెచ్చుకొన్న బాలుని పిలిచి, ఒక గవ్వను చేతిలో బెట్టి, "నాయనా, ఇది వెల్లకిల పడు సంభావ్యత యెంత?" అని యడుగుడు. తడవుకొనక చెప్పును: "సగమండి. వెల్లకిలయో బోరగిలయో, రెండే గదండి."

రెండే విధములు గనుక సగమట! ఇదే న్యాయమున, రేపు మన పెరటిలోని కొబ్బరిచెట్టు పడును, లేక పడదు; రెండే విధములు; కాన పడుటకు సగము సంభావ్యత. ఈ లెక్క నిజమైనచో అమలాపురము మొదలు రాజోలు వఱకు వారము దినములలో నిలిచియుండు చెట్లు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. బాలుడు తెలివితక్కువవాడు కాడు. సూత్రమునకు ప్రాణమైన మాటను మనమే వానికి చెప్పక దాచితిమి. ఆ పర్యవసానము లన్నియు సమానముగా సంభవించునవై యుండవలెను. నాణెమునకు రెండు ప్రక్కలును ఇంచుమించుగా నొక్కతీరుననే యున్నవి గనుక సగ మనుటకు న్యాయము కలదు. గవ్వకు ఒకవైపు మూపు, ఒకవైపు చీలిక. బరువు ఒకవైపు, పలుచదనము ఒకవైపు. దానిని చేత బట్టుకొని ఎంతసేపు తర్కించినను వెల్లకిల పడు పాలెంతయో తేలదు. తేల్చుటకు ఒక్కటే త్రోవ: వేయవలెను, వ్రాయవలెను, మరల వేయవలెను.

వేసిన మారులు న యనుకొందము. వెల్లకిల పడినవి మ యనుకొందము. మ ను న చే భాగించిన వచ్చు భిన్నమే ప్రయోగమువలన దేలిన సంభావ్యత. ఇంతకంటె చిన్న బీజగణితము లేదు. ఐనను ఇందొక గొప్ప విశేషమున్నది. మనవారు బీజగణితమును అవ్యక్తగణిత మనిరి. తెలియని రాశిని భాస్కరాచార్యులవంటి గణకులు యావత్తావత్తు అనిరి. సమీకరణమును సాధించిన తుదకు ఆ యవ్యక్తము వ్యక్తమగును. ఐదో, ఏడో తేలిపోవును. గవ్వయందలి యవ్యక్తము అట్టిది కాదు. పదిమారులు వేసిన ఒక విలువ, నూఱుమారులు వేసిన ఒక విలువ, వేయిమారులకు మఱియొక విలువ. ప్రతిమారును దానికి చేరువగుదు మన్న నమ్మకమే గాని ముట్టితి మనుటకు లేదు. తెలియుటకును తెలియకుండుటకును నడుమ నింత విశాలమైన మాగాణి యున్నదని పదునాలుగేండ్ల పిల్లవానికి తెలియుట చిన్న సంగతియా? తక్కిన గణితమంతయు సరి, తప్పు అను రెండు మాటలతోనే నడచుచుండగా, "ఇంచుమించు ఇంత, ఇంకను వేసిచూచిన మఱింత బాగుగ జెప్పగలను" అనుట నేర్పు పాఠ మిదొక్కటియే.

ఎక్కువ మారులు చూచినకొలది పొరపాటు తగ్గునని ఎంత మూఢునికైనను స్వభావముచేతనే తెలియునని జేకబ్ బెర్నూలీ వ్రాసెను. అంత తెలిసిన సంగతిని గణితరీతిగా నిరూపించుటకు ఆయన ఇరువదియేండ్లు ఆలోచించెను; ఆ గ్రంథము ఆయన మరణించిన ఎనిమిదేండ్లకు, 1713లో, అచ్చుపడెను. తరువాత వేసి చూచినవారును గలరు. ఫ్రాన్సు దేశపు బ్యుఫన్ నాణెమును 4040 మారులెగురవేయగా 2048 బొమ్మలు పడెను. కార్ల్ పియర్సన్ 24,000 మారులు వేయగా 12,012. వీరికంటె మాకు ప్రీతిపాత్రుడు జాన్ కెరిచ్. దక్షిణాఫ్రికాలో గణితోపాధ్యాయుడైన ఈయన 1940లో జర్మనులు డెన్మార్కును ఆక్రమించినప్పుడు అచ్చట చిక్కి నిర్బంధశిబిరమున నుంచబడెను. చెఱలో నున్నవాడు కాలము నెట్లు గడుపును? ఈయన నాణెమును 10,000 మారులెగురవేసి ప్రతిపాటును వ్రాసికొనెను. 5067 బొమ్మలు పడెను.

ఈ కెరిచ్ పట్టికను మేము ప్రతియేటను నల్లబల్లమీద వ్రాయుదుము. ఏలయన పండితులును తప్పుగ దలచు సంగతి యొకటి అందు గలదు. నూఱు మారులకు ఆయనకు 44 బొమ్మలే పడెను. సగమునకు ఆఱు తక్కువ. పదివేలకు 67 ఎక్కువ. చూచితిరా? వెలితి తగ్గలేదు, ఆఱు కాస్త అఱువదియేడైనది! తగ్గినది భిన్నమునందలి తేడా: మొదట నూటికి ఆఱు, తుదకు నూటికి ఒకటికంటెను తక్కువ. అదియును తిన్నని బాటలో దగ్గలేదు. వేయి మారులవద్ద 502, అనగా పదివేలవద్ద నున్నదానికంటె సగమునకు మఱింత చేరువ. "ఇప్పటివఱకు బొరుసులు తక్కువ పడినవి గనుక ఇక బొరుసులే పడి బాకీ తీర్చును" అని తలచువాడు కెరిచ్ పట్టికను చూడవలెను. ఎవరును బాకీ తీర్చలేదు. బాకీ ఎక్కువయ్యెను, దానిని మ్రింగునంతగా మొత్తము పెరిగెను, అంతియే.

"ఇవన్నియు బాగుగనే యున్నవి గాని కాలమెక్కడిది? పాఠ్యప్రణాళిక ముగింపవలదా?" అని మా మిత్రులందురు. నలువదిమంది పిల్లలు తలకొక ఇరువదియైదు మారులు గవ్వ వేసిన వేయి యగును; అందులకు పట్టునది పావుగంట. గవ్వలు దొరకనిచో ఒకప్రక్క అరగదీసిన చింతపిక్కలు చాలును. ఇందులకు ప్రభుత్వపు నిధి అక్కఱలేదు. మొదటి పది మారులకు ఒక బల్లవారికి ఏడు వెల్లకిల పడును, ప్రక్కబల్లవారికి మూడే పడును. వీరు వారిని దొంగలందురు. తరగతి మొత్తము కూడిన పిమ్మట, రెండవనాడు మరల మొత్తము కూడిన పిమ్మట, రెండు భిన్నములును ప్రక్కప్రక్కల నిలిచినప్పుడు ఆ పిల్లల మొగములు చూడవలెను. సూత్రము చెప్పిననాడు మే మట్టి మొగము లెన్నడును చూడలేదు.

కాలము లేదన్న మాటయే పైవారును అనిరి. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలివారు 2022లో పిల్లల భారము తగ్గింతు మని తొమ్మిదవ తరగతి గణితమునుండి సంభావ్యతాధ్యాయమునే తీసివేసిరి. తీసివేయబడిన ఆ యధ్యాయము ఏమి చెప్పుచుండెను? నాణెములు వేసి చూడుమని, పాచికలు వేసి చూడుమని, మ ను న చే భాగింపు మని. పదవ తరగతిలో నిలిచినది సూత్రము. కాలు తీసివేసి జోడు నిలిపిరి. మఱుచటి సంవత్సరము, 2023లో, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము కల్యంపూడి రాధాకృష్ణారావుగారికి వచ్చెను. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాలో సంఖ్యాశాస్త్రము నేర్చి, 1945నాటి యొక్క వ్యాసముతో లోకమునకు పరిచితుడైన తెలుగువాడు. నూటరెండేండ్ల వయస్సున ఆయనకు బహుమానము వచ్చినప్పుడును, ఆ యేడే ఆగష్టులో ఆయన గతించినప్పుడును మనము సభలు చేసితిమి, పటములకు దండలు వేసితిమి. ఆయన శాస్త్రమునకు మొదటిమెట్టును పిల్లలకు దూరము చేసిన సంగతి ఆ సభలలో నొక్కరును ఎత్తిన జాడ మాకు వినరాలేదు.

ఇక జూదము మాట. ఆ గృహస్థుడు భారతము చదివినవాడే; కావున భారతమునుండియే చెప్పుదుము. జూదమున రాజ్యము పోగొట్టుకొన్న నలుడు బాహుకుడను పేరుతో ఋతుపర్ణుని రథము తోలుచు విదర్భకు పోవుచుండెను. త్రోవలో నొక తాండ్రచెట్టును చూచి ఋతుపర్ణుడు దాని యాకులును కాయలును ఎన్నియో చెప్పెను. నలుడు "చిత్తము మహారాజా" అని యూరకొనెనా? రథము నిలిపి, దిగి, లెక్కించి చూతుననెను. రాజు కాలము లేదనెను, తొందరపెట్టెను. నలుడు వినలేదు, చెట్టును పడగొట్టి లెక్కించెను. లెక్క సరిపోయిన పిమ్మటనే ఆ విద్య నిమ్మని యడిగెను. అక్షహృదయము తెలిసినంతనే కలి యాతని దేహము విడిచెను. ఈ కథను కలి వదలిన కథగా పురాణములు చెప్పువారు చెప్పుదురు. మేము నలుడు రథము దిగిన కథగా చదువుదుము. ఇది విన్న ధర్మరాజునకు బృహదశ్వమహర్షి ఆ విద్యనే ఉపదేశించెను. ఎందులకు? మరల జూదమాడుటకు కాదు, మరల మోసపోకుండుటకు.

గుండాటబల్ల యొద్ద నిలుచుండు కుఱ్ఱవాండ్రకు ఏ మహర్షి యుపదేశించెను? పద్ధతులు ఊరూరికి మాఱును గాని, లెక్కకొఱకు ఒకటి తీసికొందము. ఆఱు గుర్తుల బల్ల, ఆ గుర్తులే గల మూడు పాచికలు. నీ గుర్తు ఎన్ని పాచికలమీద బడిన అన్ని రూపాయలు గెలుతువు. ఒక్కదానిమీదను బడకున్న నీ రూపాయి పోవును. "ఆఱింట మూడు, అనగా సగము, ఒక్కొక్కప్పుడు రెండుమూడు రూపాయలును వచ్చును, మనకే లాభము" అని పిల్లవాడు తలచును. పాచికలు పడు విధములు 216. అందు 125 విధములలో నీ గుర్తు అసలే పడదు. ఒక్కటి పడునవి 75, రెండు పడునవి 15, మూడును పడునది 1. వచ్చునవి 75, 30, 3, వెరసి 108, పోవునవి 125. రూపాయి చొప్పున 216 ఆటలాడిన, సగటున 17 రూపాయలు బల్లవాని సంచిలో పడును. ఇది పాచికలు నిక్కమైనవైనచో వచ్చు లెక్క. అవి నిక్కమైనవో కావో ఏ సూత్రము చెప్పును? ప్రక్కన నిలిచి రెండుమూడు వందల పాటులు వ్రాసికొన్నవాడు చెప్పగలడు. అట్లు వ్రాసికొను కుఱ్ఱవానిని బల్లవాడు ఎంతసేపు నిలువనిచ్చునో చూడవలెనని మాకు చిరకాలముగా కోరిక.

బల్లవాడు మన రూపాయలు మాత్రమే దోచును. ఇండ్లలోనికి వచ్చి అంతకంటె పెద్దవి దోచువారు గలరు. చదువరులారా, భిన్నమునకు పైన లవము, క్రింద హారము. లవమును చూపి హారమును దాచుటయే వీరి విద్య. పుట్టబోవునది మగబిడ్డ యని చెప్పు సిద్ధాంతి నొకనిని తీసికొనుడు. వచ్చిన వారందఱితోను ఆయన మగబిడ్డ యనియే చెప్పును. ఇంచుమించు సగముమందికి నిజమగును. నిజమైనవారు పట్టుపంచెయు, పండ్లును తీసికొనివచ్చి ఊరెల్ల చెప్పుదురు. కానివారు తమ ప్రారబ్ధమని యింట గూర్చుందురు. ఆయన కీర్తి లవముచేత పెరిగినది; హారమును ఎవరును వ్రాసిపెట్టలేదు. పిల్లి యెదురగుట, బల్లి పడుట, ఒంటితుమ్ము, ఇవన్నియు ఇట్టివే. పిల్లి యెదురైనప్పుడు చెడిన పనులు మనకు జ్ఞాపకమున్నవి. ఎదురైనను చెడని పనులు, ఎదురుకాకున్నను చెడిన పనులు ఎవరి పుస్తకమున నున్నవి? ఆఱు నెలలు పుస్తకమున వ్రాసి చూడుడని మేమనినచో నాస్తికుల మందురు. శకునము నిజమే యైనచో పుస్తకమునకు భయమెందుకు?

ఇంతకంటె ఘోరమైన సంగతి గలదు. "వరుసగా ముగ్గు రాడపిల్లలైరి, ఈమాఱు మగవాడే కావలెను గదా" యని చదువుకొన్న యిండ్లలోనే వినుచున్నాము. గవ్వ తన వెనుకటి పాటును మనసున నుంచుకొనదు, గర్భమును అంతే. నాలుగవ కాన్పునకును మగబిడ్డ పాలు ఇంచుమించు సగమే. ఇంచుమించు అనుట యేల? ఆ సగమైనను తర్కముచే దేలినది కాదు. లండనులో 82 సంవత్సరముల బాప్తిస్మముల లెక్క తీసి చూచి, ప్రతియేటను మగపిల్లలే కొంచె మెక్కువగా నున్నారని జాన్ అర్బత్నాట్ 1710లో చూపెను. లెక్కించినందువలననే సగముకంటె ఇసుమంత యెక్కువ యని తెలిసినది. కోడలిని నాలుగవ కాన్పునకు ఒత్తిడిచేయు అత్తగారికి ఈ సంగతి యెవరు చెప్పవలెను? కడుపులోని బిడ్డ ఆడదో మగదో చూచి చెప్పుటను నిషేధించుచు 1994లో చట్టము చేయవలసివచ్చిన దేశమిది. అట్టి దేశమున సంభావ్యతను భారమని పిల్లల పుస్తకమునుండి తీసివేసిరి!

కళాశాలల ప్రకటనలు మాత్రము తక్కువా? ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని గొంతు చించుకొని ర్యాంకులు చదువుదురు. ఎంతమంది చేరిరి, ఎంతమంది నిలిచిరి, ఎంతమంది ఏమైరి అన్న హారము ఏ ప్రకటనలోను నుండదు. ఆ ప్రకటన చూచి పొలము తాకట్టుపెట్టిన తండ్రు లున్నారు. ఇంతకుమించి ఇచ్చట వ్రాయము. అది వేఱు వ్యాసమునకు తగినది.

గోదావరి సంగతి చెప్పక కోనసీమవారము ఊరకుండజాలము. 1986 ఆగష్టులో ధవళేశ్వరమునొద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయెను. లంకలలోని పెద్దలు నేటికిని ఆ వఱదను మేరగా జెప్పుదురు. "అది నూఱేండ్ల కొకమారు వచ్చునది, మన జన్మలో మరల రాదు" అని చెప్పి గట్టునకు దిగువను ఇండ్లు కట్టుకొన్నవారిని మే మెఱుగుదుము. నూఱేండ్ల వఱద యనగా నూఱేండ్లు సెలవు పుచ్చుకొన్న వఱద కాదు. ఏ యేటికాయేడు నూటికొక పాలు రాదగినది. ఒక యేడు తప్పించుకొనుటకు నూటికి 99 పాళ్లు. ముప్పదియేండ్లు తప్పించుకొనుటకు ఆ భిన్నమును ముప్పదిమారులు గుణింపవలెను. గుణించిన నూటికి 74 వచ్చును. అనగా, ఇల్లు కట్టి బిడ్డల పెండ్లిండ్లు చేయు లోపల అది వచ్చుటకు నూటికి 26 పాళ్లు. నాలుగింట నొకటికంటె ఎక్కువ! 2022 జూలైలో 25 లక్షలు దాటి వచ్చి, మూడవ హెచ్చరికయైన 17.75 అడుగులను మీఱి లంకలను ముంచినప్పుడు, జన్మలో రాదన్నవారు పడవలమీద దాటిరి. 1986నాటి దానికంటె అది చిన్నదే. 1996 నవంబరు 6వ తేది తుపానునకు తోటలు పడిపోయినప్పుడును ఇట్టి మాటలే వింటిమి. "ఇక మన తరమున కంతియే" యట!

నిజమునకు మన రైతులు ఈ విద్య యెఱుగనివారు కారు. విత్తనపు కొబ్బరికాయలు నూఱు పాతిన ఎన్ని మొలచునో తోటమాలి చెప్పును. పొదిగిన గ్రుడ్లలో ఎన్ని పిల్లలగునో ఇల్లాలు చెప్పును. రెండే విధములు గనుక సగమని వారెన్నడును అనరు. చూచి చూచి చెప్పుదురు. బడికి పోయిన పిల్లవాడే సగ మనును.

తరువాత ఒక ఆదివారము ఆ గృహస్థుని యింటికి మేమే పోతిమి. కుఱ్ఱవాడు పుస్తకము తెచ్చి చూపెను. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోరగిల పడిన అష్ట. గవ్వ నాణెమువంటిదే యైనచో రెండును పదునాఱింట నొకమారు రావలెను. గవ్వ పదింట నాలుగుమారులే వెల్లకిల పడునదైనచో, ఐదింట రెండును నాలుగుమారులు గుణించిన 625లో 16. ఐదింట మూడును అట్లే గుణించిన 81. అనగా చెమ్మకు ఐదింతలు అష్టలు. చిన్న వంపు ఇంత పెద్ద తేడాయై బయటపడును. కుఱ్ఱవాడు ఒక్కొక్క గవ్వను విడిగా వేసి దాని పాలు కనుగొని, ఆ పాళ్లచే చెమ్మలెన్ని రావలెనో గుణించి, ఇప్పుడు నాలుగును కలిపి వేసి సరిచూచుచున్నాడు.

వాని నాయనమ్మగారు గుమ్మమున గూర్చుండి చూచుచుండిరి. ఆమె అంతర్వేది తీర్థమున కొనిన గవ్వలట అవి. "ఆ పసుపుపచ్చది నమ్మొద్దురా, అది బోర్లా పడ్డమే గాని లేవదు. నలభై ఏళ్లుగా చూస్తన్నాను" అనిరి. కుఱ్ఱవాడు పుట త్రిప్పి చూచెను. విడిగా వేసిన లెక్కలలో ఆ గవ్వదే యన్నింటికంటె తక్కువ.

గృహస్థుడు ఏమియు ననలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకొని, గీతలు తానే గీయుదునని పెన్సిలు తీసికొనెను. కొంతసేపటికి, "ఇంకా ఎన్ని వెయ్యాలిరా?" అని యడిగెను. రెండువంద లైనవనియు, ఇంక నెనిమిదివందలు గలవనియు కుఱ్ఱవాడు చెప్పెను. నాయనమ్మగారు లోపలికి పోయి దీపము వేసిరి.